పుట్టని పడవ గొంతు

జానకిరామయ్యను చంపినవాళ్ళు ఆయన పర్సు ముట్టుకోలేదు. మెడలో బంగారు గొలుసు కూడా అలాగే ఉంది.

షామీర్‌పేట జింకల పార్కు దాటాక, కరీంనగర్ రోడ్డు దిగువన తెల్ల అంబాసిడర్ ఒకటి వేపచెట్టును గుద్దుకుని ఆగి ఉంది. స్టీరింగ్ మీద డ్రైవర్ స్పృహ లేకుండా పడి ఉన్నాడు. వెనక సీట్లో జానకిరామయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. కళ్ళద్దాలు కూడా జారలేదు. సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో దగ్గర నుంచి ఒకే ఒక్క షాట్. ఆయన ఒళ్ళో ఉండాల్సిన చిన్న నల్ల కేసు మాత్రం మాయమైంది.

అది 2002 ఫిబ్రవరి. ద్రాక్ష తోటల్లో కాయ రంగు తిరుగుతున్న రోజులు.

పేపర్లలో అది 'దారిదోపిడీ' అని వచ్చింది. అలా రావడానికి ఏర్పాట్లు చేసిన మనిషి, ఆ పేపర్లు ఇంకా అచ్చు కాకముందే, అల్వాల్‌లో ఒక స్టెబిలైజర్ రిపేరు షాపు వెనక గదిలో ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చుంది. పేరు బాలాత్రిపురసుందరి. యాభై దాటిన వయసు, నేతచీర, నూనె రాసి బిగించిన ముడి. చూసినవాళ్ళు ఎవరైనా ఆడపిల్లల బడి హెడ్‌మిస్ట్రెస్ అనుకుంటారు. కౌంటర్ ఇంటెలిజెన్స్ దక్షిణ విభాగానికి ఆమె చీఫ్.

ఎదురుగా జోయెల్ ఉన్నాడు. షాపు బోర్డు మీద పేరు అతనిదే. అల్వాల్ అంతటికీ అతను కాలిపోయిన కాయిల్స్ చుట్టే మెకానిక్. కన్నతల్లి ఎలీషమ్మకు కూడా అంతే తెలుసు. 'స్టెబిలైజర్లు బాగు చేసెటోనికి పిల్లనెవలిస్తరు' అని ఆమె ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద నలుగురికీ చెప్పుకుని బాధపడుతుంటుంది.

"కేసులో ఏముంది మేడమ్?" అడిగాడు జోయెల్.

"ఒక పాట."

మేడమ్ హాస్యమాడే మనిషి కాదు.

"మనం ఒక జలాంతర్గామి కడుతున్నాం," అంది ఆమె టీ పోస్తూ. "అణు రియాక్టర్‌తో నడుస్తుంది. పొట్టలో బాలిస్టిక్ క్షిపణులుంటాయి. నెలల తరబడి పైకి రాకుండా నీళ్ళ కింద ఉండగలదు. దేశం మీద ఎవడైనా మొదటి దెబ్బ కొడితే, తిరిగి కొట్టడానికి మిగిలేది అదొక్కటే. అందుకే అదెక్కడుందో ఎవరికీ తెలియకూడదు. నీళ్ళ కింద దాక్కోవడమంటే చీకట్లో దాక్కోవడం కాదు జోయెల్, నిశ్శబ్దంలో దాక్కోవడం. అక్కడ కళ్ళు పనిచెయ్యవు. చెవులే."

"గేరు శబ్దం," అన్నాడు జోయెల్.

"అదే. రియాక్టర్ ఆవిరినిస్తుంది, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్ వేగాన్ని తగ్గించి ప్రొపెల్లర్‌కు అందించేది రిడక్షన్ గేర్. ఆ గేర్ పళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఒక సన్నటి రాగం తీస్తాయి. ఏ పడవ రాగం దానిదే, మనిషి గొంతులాగా. మేడ్చల్ టెస్ట్ షెడ్‌లో జానకిరామయ్య గారు మన గేరును నడిపించి ఆ గొంతును టేపు మీద రికార్డు చేశారు. ఆ టేపును లాబ్‌కు తీసుకెళుతుంటే దారి కాశారు. అది శత్రువు చేతికి చేరితే, మన పడవ ఎప్పుడు సముద్రంలోకి దిగినా గుర్తు పట్టేస్తారు. ఇంకా పుట్టనే లేదు. అప్పుడే దాని జాతకం వాళ్ళ చేతుల్లో ఉంటుంది."

"హెల్మర్?"

"హెల్మర్. రేపు సాయంత్రం ఫ్లయిట్. నీ మనిషి నుంచి కబురొచ్చింది."

నీ మనిషి. జోయెల్ తల వంచుకున్నాడు.

హెల్మర్ పాస్‌పోర్టులో ఒక దేశముంది, జీతమిచ్చే దేశం ఇంకొకటి. బయటికి ద్రాక్షపండ్ల ఎగుమతిదారు. షామీర్‌పేటలో తోట, ఫామ్‌హౌస్, ప్యాకింగ్ షెడ్ లీజుకు తీసుకున్నాడు. అతని దుబాసీగా చేరిన అమ్మాయి సృజన, ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, మూడు విదేశీ భాషలు వచ్చు. మొదట ఉద్యోగమని చేరింది, తర్వాత ఆ ఫామ్‌హౌస్‌లోనే ఉండిపోయింది. హెల్మర్ లెక్కలో ఆమె తను డబ్బుతో కొనుక్కున్న ఏజెంట్. ఆమె జోయెల్ పంపిన ఏజెంట్ అన్న సంగతి ఆమె కాక ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ ఇప్పుడు ఈ గదిలోనే ఉన్నారు.

తెలియనివాళ్ళలో మొదటివాడు ఆమె తండ్రి నరసింహ. ఆయన ద్రాక్షతోట హెల్మర్ తోట పక్కనే. తల్లి లేని బిడ్డను భుజాన వేసుకుని పెంచిన మనిషి. కూతురు తెల్లవాడి కారు దిగుతూ కనపడిన మర్నాడే మేస్త్రీలను పిలిపించి, రెండు తోటల మధ్య నిలువెత్తు గోడ కట్టించాడు.

"రేపు పొద్దున రైడ్," అంది మేడమ్. "టేపు, హెల్మర్, వాడి డ్రైవరు. ముగ్గురూ మనకు కావాలి." 

"టేపు మనిషి కాదు గద మేడమ్."

"ఈ కేసులో మనిషి కంటే ఎక్కువ." ఆమె చేతిసంచిలోంచి ఇంకో నల్ల కేసు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది కూడా నీ దగ్గర ఉంచు. చూడ్డానికి అచ్చం దానిలాగే ఉంటుంది. ఇందులో ఉన్నది పరీక్షలో తప్పిన గేరు గొంతు. పనికిరాదని కరిగించేశాం."

జోయెల్‌కు అర్థమైంది. "ఇది వాళ్ళకు పోవాలెనంటే, ఇదే అసలుదని చెప్పెటోళ్ళు ఎవరన్న ఎంబడి పోవాలె."

"పట్టుకోవడం సులువు. నమ్మించడం కష్టం. అవసరం రాకపోవచ్చు."

"అవసరం రాదు. ఆమెను ఇంటికి తోల్కపోతనని మాటిచ్చిన."

"మాట నువ్విచ్చావు జోయెల్," అంది మేడమ్ నెమ్మదిగా. "డిపార్ట్‌మెంట్ ఇవ్వలేదు."

* * *

స్కూటర్ వెనక టూల్‌బాక్సు కట్టుకుని, ఖాకీ చొక్కాతో, గడ్డం మాసిన జోయెల్ ఫామ్‌హౌస్ గేటు దగ్గర దిగాడు. హెల్మర్ వరండాలో కుర్చీలో వెనక్కి వాలి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఎండలో కూడా కోటు విప్పలేదు.

సృజన బయటికి వచ్చింది. పొట్టిగా కత్తిరించిన జుట్టు, నల్ల గాగుల్స్, చేతుల్లేని జాకెట్టు, మెడలో ఎర్రటి సిల్కు స్కార్ఫ్. ఊళ్ళో ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుకునే మనిషి. జోయెల్ ఆమెను రెండేళ్ళుగా నెలకొక్కసారి ఇలాగే, కాలిపోయిన ఏదో ఒక సామాను నెపంతో చూస్తున్నాడు.

"ఏమైంది మిస్త్రీ?"

"కాయిల్ మాడిందమ్మా."

"మార్చాలెనా, చుట్టిస్తె నడుస్తదా?"

'చుట్టించడం' అంటే ఆగమని. 'మార్చడం' అంటే రైడ్.

"మార్చాలె. రేపు పొద్దుగాల వస్త."

ఆమె గాగుల్స్ తియ్యలేదు. అతని కోసం తెచ్చిన మంచినీళ్ళ గ్లాసును తనే ఖాళీ చేసింది.

హెల్మర్ ఒకసారి ఇటు చూసి మళ్ళీ ఫోన్‌లో పడ్డాడు. అతనికి తెలుగు వచ్చు. కాకపోతే వచ్చింది పుస్తకాల తెలుగు. షామీర్‌పేట తెలుగు మాట్లాడితే తెల్లమొహం వేస్తాడు. అందుకే ఇద్దరూ స్టెబిలైజర్ మీదికి వంగి, గొంతు తగ్గించి, వేగంగా ఊరిభాషలో మాట్లాడుకున్నారు.

"టేపు యాడుంది?"

"వాని కోటు జేబుల. పండుకున్నా తీస్తలేడు."

"జానకిరామయ్య సారును..."

"వీని డ్రైవర్ సంపిండు. వచ్చి చేతులు కడుక్కొని అన్నానికి కూసున్నడు. నేనే వడ్డిచ్చిన జోయెల్. ఇంకింత పప్పు ఎయ్యమన్నడు." ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "ఇగ నాతోని కాదు."

"రేపటితోని అయిపోతది."

"నాయిన దగ్గరికి నువ్వే తోల్కపోవాలె. నేనొక్కదాన్నే పోతె తలుపు తియ్యడు."

"తోల్కపోత."

"ఏమని చెప్తవ్?"

"నిజం చెప్త."

"నమ్మకపోతె?"

"మేడమ్‌ను తీస్కొస్త. గామె మొఖం జూసినంక నమ్మకుంట ఎట్లుంటడు?"

ఆమె పెదవులు కదిలాయి. నవ్వు అక్కడిదాకా వచ్చి ఆగింది. "ఆ తర్వాత?"

జోయెల్ స్క్రూడ్రైవర్‌తో అవసరం లేని స్క్రూ ఒకటి బిగించాడు. "ఆ తర్వాత మా అమ్మకు నువ్వే చెప్పుకోవాలె. నేను చెప్తె కొడ్తది."

రెండేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య పెళ్ళి అన్న మాట రావడం అదే మొదలు, అది కూడా ఆ మాట లేకుండానే. సృజన గాగుల్స్ నుదుటి మీదికి తోసింది. కళ్ళు నిండి ఉన్నాయి.

అతను చేతిగడియారం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది. నీ మాట నాకొస్తది. నా మాట నీకు రాదు. రైడ్ ముంగట వాడు యాడున్నడో చెప్పు, చాలు."

"మేడమ్ ఇంకేమన్న ఇచ్చిందా?"

ఆమెకు అబద్ధం చెప్పడం జోయెల్‌కు చేతకాదు. ఆ వృత్తిలో ఉండి కూడా. రెండో కేసు చూపించాడు, సంగతి చెప్పాడు, 'అవసరం రాదు' అని రెండుసార్లు అన్నాడు.

"ఉండనీ," అని ఆమె కేసు తీసుకుంది. "నా దగ్గరుంటే నీకేం పరేషాన్?"

గోడ అవతల ఎవరో దగ్గారు. పెద్దాయన దగ్గు. సృజన ఆ గోడ వైపు తిరిగి, ఆ దగ్గు ఆగేదాకా కదలకుండా నిలబడింది.

* * *

మర్నాడు పొద్దున నీలగిరి చెట్ల చాటున మూడు జీపులు నిలిచాయి. ముందు జీపులో జోయెల్, చెవిలో ఇయర్‌ఫోన్. పదకొండవుతుండగా మాట వినపడింది. వెనక నీళ్ళ చప్పుడు.

"జోయెల్, ఇంటున్నవా? ఇంటుంటవ్. బాత్‌రూంల ఉన్న, నల్లా ఇప్పిన. జల్దీ చెప్త, అడ్డం రాకు." నీళ్ళ చప్పుడు ఇంకా పెరిగింది. "అడ్డం ఎట్లొస్తవ్ తీ, నీ మాట నాకు రాదు గద.

"రాత్రి వాడు ఫోన్‌ల మాట్లాడుతుంటె విన్న. మన మేడ్చల్ షెడ్‌ల వాళ్ళ మనిషి ఒకడున్నడు. టేపు ఏ దారిన పోతదో చెప్పింది వాడే. వాని పేరు నాకు తెల్వదు. ఈ హెల్మర్‌ను మనం పట్టుకుంటే ఇంకొకడు దిగుతడు, అన్నీ తయారుగున్నయ్. మల్ల టేపు, మల్ల ఇంకొక సారును సంపుడు. ఇన్నేండ్లు పట్టి చేసిన గేరును మనోళ్ళు మార్చలేరు గద. అదే వీని చేతికి పాట దొరికిందనుకో, ఇగ ఎవ్వడు రాడు.

"మేడమ్ టేపు నా దగ్గరనే ఉంది. అది ఆడికి పోయినంక, వాళ్ళకు అనుమానం వచ్చినప్పుడల్ల 'నా కండ్ల ముంగట్నే తెచ్చిండ్రు, గిదే' అని చెప్పెటోళ్ళు ఒకలు ఆడ ఉండాలె. ఎప్పటికీ ఉండాలె."

"వద్దు," అన్నాడు జోయెల్ ఖాళీ జీపులో. "సృజనా, వద్దు."

"పట్టుకోవద్దు. ఎంబడి పడు. దొరకనట్టు ఎంబడి పడు. మేడ్చల్ రైల్వే గేటు కాడ ఎనక అద్దం పగులగొట్టు. వాడు వంగుతడు, నేను వాని మీద పడ్త. జేబుల చెయ్యి పెట్టి టేపు మార్చెతందుకు గా ఒక్క గడియ సాలు. నువ్వు కొడితె నాకు తగలదు, నాకు తెల్సు. ఇంకోటి, జోయెల్..."

నల్లా కట్టేసిన చప్పుడైంది. ఆ ఇంకోటి ఏమిటో ఆమె చెప్పలేదు.

జోయెల్ వైర్‌లెస్ అందుకున్నాడు. "మేడమ్, ఆపుర్రి ఆమెను."

మేడమ్ కూడా అంతా విన్నది. "నేను పొమ్మని ఆర్డర్ ఇవ్వలేదు," అంది. "ఆపమని కూడా ఇవ్వను. నువ్వు లోపలికి వెళ్ళొచ్చు జోయెల్. వెళ్తే ఆమె ఇంటికి వస్తుంది. ఇంకో ఏడాదికో రెండేళ్ళకో వాళ్ళు మళ్ళీ వస్తారు. ఫీల్డ్‌లో ఉన్నది నువ్వు. నిర్ణయం నీదే."

జోయెల్ జీపు దిగాడు. గేటు అక్కడే ఉంది, పరుగెత్తితే గుక్క తిప్పుకునేలోగా చేరుకోవచ్చు. మూడు జీపుల్లోని మనుషులూ అతని చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నారు. అతను ఆ చేతితో జీపు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ కేసు ఆమె చేతికి ఇచ్చింది తనే. ఆమె మాట నెగ్గితే పడవ బతుకుతుంది. తన మాట నెగ్గితే తనొక్కడు బతుకుతాడు.

చెయ్యి లేవలేదు.

ఫామ్‌హౌస్ గేటు తెరుచుకుంది. ఎర్ర ఓపెల్ కారు బయటికి వచ్చి, వచ్చినంత వేగంగానూ ఆగింది. దారికి అడ్డంగా నరసింహ నిలబడి ఉన్నాడు. పోలీసు జీపులు వచ్చాయని, తెల్లోడు దొంగ అని ఊళ్ళో అప్పటికే పాకిపోయింది. ఆయన కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

కారు వెనక అద్దం దిగింది. గడియారం ప్రతి మాటా జోయెల్ చెవిలో వేస్తోంది.

"బిడ్డా, దిగు," అన్నాడు నరసింహ. "అయిందేదో అయింది. ఊరు ఏమన్న అననీ. నువ్వు దిగు సిట్టీ, ఇంటికి పోదాం. గోడ కూలగొట్టిస్త."

కారులో హెల్మర్ సృజన మొహంలోకే చూస్తున్నాడు. డ్రైవర్ చెయ్యి కోటు లోపల ఉంది.

అప్పుడు సృజన మాట్లాడింది. ఊరిభాషలో కాదు. ప్రతి అక్షరం విడివిడిగా, స్పష్టంగా, పక్కనున్నవాడికి అర్థమయ్యే తెలుగులో.

"మీరెవరో నాకు తెలియదు. దయచేసి దారికి అడ్డం లేవండి."

నరసింహ వినపడనట్టు చూశాడు. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల ఆయన్ను 'నువ్వు' అనే పిలిచింది. 

"మీరు లేవకపోతే కారు మీ మీదుగా పోతుంది," అంది సృజన.

ఆయన పక్కకు తప్పుకున్నాడు. బెదిరి కాదు. పరాయి ఆడమనిషి దారి అడిగితే తప్పుకునే మర్యాదతో, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని తప్పుకున్నాడు. కారు దుమ్ము ఆయన మీదుగా లేచింది.

"ఎక్కుర్రి!" అని అరిచాడు జోయెల్.

కరీంనగర్ రోడ్డు మీద పోలీసులు ఉన్నారని ఓపెల్ మేడ్చల్ దారి పట్టింది. ద్రాక్ష పందిళ్ళు, కోళ్ళ ఫారాలు, ఇటుక బట్టీలు వెనక్కి పరుగెడుతున్నాయి. జోయెల్ స్వయంగా జీపు నడుపుతున్నాడు. అందుకోగలిగిన చోటల్లా గేరు తగ్గించాడు. వెనకున్న జీపులకు దారివ్వకుండా రోడ్డు మధ్యలోనే పోయాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు తర్వాత ఎంక్వయిరీలో అదే చెప్పారు.

ఎదురుగా రైల్వే గేటు. ఎర్రజెండా. లోకల్ రైలు కూత దగ్గరపడుతోంది, గేటు కర్రలు దిగుతున్నాయి. ఓపెల్ ఆగలేదు. జోయెల్ ఎడమచేత్తో స్టీరింగ్ పట్టుకుని, కుడిచేయి బయటికి చాపి రివాల్వర్ ఎత్తాడు. అద్దంలో రెండు తలలు. ఎడమ తల మీద పొట్టి జుట్టు. రెండింటి మధ్య చోటు అరచేయంత కూడా లేదు.

'నువ్వు కొడితె నాకు తగలదు.'

కాల్చాడు.

అద్దం తెల్లగా చిట్లి కుప్పకూలింది. హెల్మర్ తల మాయమైంది, అతని మీదికి ఎర్ర స్కార్ఫ్ వాలింది. కారు దిగుతున్న కర్ర కిందుగా దూరి పట్టాలెక్కింది. సరిగ్గా ఆ కుదుపులో, పగిలిన అద్దంలోంచి ఎర్రటి మూట ఒకటి గాలిలోకి లేచి రోడ్డు పక్క కంకర మీద పడింది. మరుక్షణం రైలు అడ్డం వచ్చింది.

పెట్టెలన్నీ దాటిపోయేసరికి అవతల రోడ్డు ఖాళీగా ఉంది.

జోయెల్ కంకర మీద మోకాళ్ళూని మూట విప్పాడు. స్కార్ఫ్ లోపల నల్ల కేసు, దాని మీద జానకిరామయ్య చేతిరాతలో తేదీ. అసలు టేపు. స్కార్ఫ్ అంచు తడిగా ఉంది. ఎర్ర సిల్కు మీద రక్తం వెంటనే కనపడదు, చేతికి అంటుకున్నాకే తెలిసింది. అది గాజు కోసిందో, తన తూటాయో అతనికి తెలియదు. వెనక పోలీసులు 'తప్పిచ్చుకున్నరు సార్, తప్పిచ్చుకున్నరు' అంటున్నారు. అతను ఆ స్కార్ఫ్‌ను జేబులోకి తోసేశాడు.

* * *

'విదేశీ గూఢచారులతో షామీర్‌పేట యువతి పరారీ' అని పేపర్లు రాశాయి. నమ్మేలా ఉండాలి కాబట్టి ఫొటో కూడా వేశారు. చేతికందిన ముఠాను వదిలేసినందుకు జోయెల్‌కు ఎంక్వయిరీ, సస్పెన్షన్. అది కూడా నమ్మేలా ఉండాలి కాబట్టి నిజంగానే చేశారు. టెస్ట్ షెడ్‌లోని ద్రోహిని మాత్రం ఏడాది తర్వాత పసిగట్టి, అరెస్టు చేస్తే అవతలివాళ్ళకు అనుమానం వస్తుందని, ఏ రహస్యమూ వినపడని క్యాంటీన్ కొనుగోళ్ళకు ప్రమోషన్ మీద పంపారు. సృజన ఆ దేశం చేరిందని, భుజం మీద చిన్న గాయమని, టేపును వాళ్ళు నమ్మారని మేడమ్ ఒక్క వాక్యంలో చెప్పింది. గాయం దేనివల్లనో ఆ వాక్యంలో లేదు.

మొదటిసారి వాంగ్మూలం కోసమని నరసింహ ఇంటికి వెళ్ళాడు జోయెల్. రెండోసారి బోరు స్టార్టర్ పాడైందంటే వెళ్ళాడు. తర్వాత నెపాలు అవసరం లేకపోయింది. వారానికొకసారి వెళ్ళేవాడు, పెద్దాయన వండిన కారం కూర తినేవాడు. నరసింహ కూతురు పేరెత్తేవాడు కాదు. ఎవరైనా అడిగితే 'నాకు బిడ్డ లేదు' అనేవాడు. ఒక్కసారి మాత్రం, అన్నం తింటూ తింటూ, "గా రోజు తుపాకి పేల్చింది నువ్వే గద," అన్నాడు. "తగలనందుకు నీ మీద కోపం రావాలె నాకు. ఎందుకో వస్తలేదు."

జోయెల్ కంచంలోని అన్నం కలుపుకున్నాడు. ఆమె అక్కడ బతకాలంటే ఇక్కడ ద్రోహిగానే మిగలాలి. తండ్రి నోట కూడా. తండ్రి నోటే ముఖ్యంగా. షామీర్‌పేటకు అవతలి దేశం మనుషులు ఎవరెవరు వచ్చి ఏమేం అడిగి పోతున్నారో అతనికి తెలుసు.

ఎలీషమ్మ కొడుకు పెళ్ళి చూడకుండానే కన్నుమూసింది. చుట్టూ ద్రాక్ష తోటలు ఒక్కొక్కటే నరికి ప్లాట్లు చేశారు. కండ్లకోయలో కాలేజీలు లేచాయి. నరసింహ మాత్రం తన తోట అమ్మలేదు. గోడా అలాగే ఉంది.

2009లో, వానలు మొదలైనాక ఒక మధ్యాహ్నం, రిటైరైపోయిన బాలాత్రిపురసుందరి ఆటో దిగి షాపులోకి వచ్చింది. చేతిలో ఫ్లాస్కు లేదు.

"రేపు మన పడవ నీళ్ళలోకి దిగుతోంది," అంది. కూర్చోలేదు. "వాళ్ళ లిజనింగ్ స్టేషన్లన్నీ ఇప్పటికీ ఆ కరిగించేసిన గేరు పాటే నేర్చుకుంటున్నాయి. చివరిదాకా ఆమె ఆ నమ్మకం నుంచి వాళ్ళను కదలనివ్వలేదు."

"చివరిదాకా?" అన్నాడు జోయెల్.

మేడమ్ ఎన్నడూ లేనిది అతని తల మీద చెయ్యి వేసింది. "ఇక ఆమె ప్రాణానికి ప్రమాదమేమీ లేదు జోయెల్."

* * *

మర్నాడు నరసింహ ఇంట్లో టీవీ మోగుతోంది. విశాఖలో జలాంతర్గామి జలప్రవేశం. బొమ్మలు పెద్దగా చూపించడం లేదు, మాటలే ఎక్కువ.

"గంత పెద్దదాన్ని నీళ్ళల్ల దాస్తరా?" అడిగాడు నరసింహ.

"దాస్తరు పటేలా."

"ఎవలకు కనవడదా?"

"కనవడదు. ఇనవడదు గూడ."

"ఎందుకినవడదు?"

నిజం చెప్పడానికి అనుమతి రాలేదు. జోయెల్ అడగనూ లేదు. "ఇనెటోళ్ళకు తప్పు పాట నేర్పినం," అన్నాడు. "పోయి నేర్పింది మీ సిట్టి."

మొదలుపెట్టాక ఆగలేదు. స్టెబిలైజరు నెపాలు, బాత్‌రూంలో నల్లా చప్పుడు, రైలు గేటు, కంకర మీద మూట. ఫామ్‌హౌస్ గేటు ముందు ఆమె అన్న మాటల దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "గా పుస్తకాల మాటలు పక్కనున్నోనికి అర్థం కావాలెనని పటేలా. నీకు కాదు. నువ్వు గట్ల దుఃఖపడ్డవు గనుకనే వాడు నమ్మిండు."

నరసింహ చేతిలోని రిమోట్‌ను చాలాసేపు తిప్పాడు. కళ్ళలో ఏదో వెలిగింది. "నా బిడ్డ దొంగ గాదు," అన్నాడు. మళ్ళీ అన్నాడు, ఇంకొంచెం గట్టిగా, గోడ అవతలి వాళ్ళకు చెప్తున్నట్టు. "నా బిడ్డ దొంగ గాదు!" తర్వాత జోయెల్ వైపు తిరిగాడు. "గిన్నేండ్ల సంది నా ఇంట్ల అన్నం తినుకుంట ఒక్కనాడు చెప్పకపోతివి గదరా."

"చెప్తె ఆమె పానానికి..." జోయెల్ ఆగిపోయాడు.

పెద్దాయన అతని మొహం చూశాడు. ఆ వెలుగు అలా ఉండగానే దాని వెనక నుంచి ఇంకేదో వచ్చి నిలిచింది.

"మరి గియ్యాల ఎట్ల చెప్తున్నవ్?"

టీవీలో చప్పట్లు మోగుతున్నాయి.

"ఎప్పుడు?" అన్నాడు నరసింహ.

"పోయిన సలికాలంల. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందట. దవాఖానల."

"పక్కన ఎవలన్న ఉండిరా?"

"తెల్వదు పటేలా."

ఆయన టీవీ ఆపి, లేచి, గోడ కనిపించే కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. జోయెల్ లేచి పక్కన నిలబడ్డాడు. ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పుకోనిది ఒకటి అతని దగ్గర మిగిలి ఉంది.

"గా రోజు కారు నీ పక్కకెళ్ళి దాటిపోయినంక, నోట్లనే ఒక మాటన్నది. వానికి ఇనవడలేదు. నా చెవుల పడ్డది."

"ఏమన్నది?"

"నాయినా అన్నది."

నరసింహ తలూపాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కొంతసేపటికి జోయెల్ భుజం మీద చెయ్యి వేసి, పడిపోకుండా పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "నువ్వు గూడ పిల్లను పోగొట్టుకున్నవు గదరా కొడుకా," అన్నాడు. "గది నేను అడగనే లేదు."

అప్పుడు ఏడ్చాడు జోయెల్.

ఆ కేక గోడ అవతల ఎవరి చెవిన పడిందో, నెల తిరక్కముందే డిపార్ట్‌మెంట్ నుంచి మెమో వచ్చింది. ప్రభుత్వ రహస్యాన్ని అనధికార వ్యక్తికి నోటిమాటగా వెల్లడించినందుకు సంజాయిషీ ఇవ్వమని అందులో ఉంది. సదరు వ్యక్తి వయోవృద్ధుడనీ, రెండు చెవులకూ పూర్తి చెవుడనీ, కావున రహస్యము ఎవరికీ వినపడలేదనీ జోయెల్ బదులు రాశాడు. పక్క తోటలో పిట్ట వాలినా లేచి కూర్చునే నరసింహను ఎవరూ వచ్చి పరీక్షించలేదు. ఫైలు మూసేశారు.